ఒకే పడవ, రెండు సంవత్సరాలు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం పూర్వ విద్యార్థుల సభలో 1983 పదో తరగతి బ్యాచ్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికా నుంచి వస్తున్నావు కదా, ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. ఉద్యోగంలో పైకి ఎలా వచ్చావో మాత్రం చెప్పకు. అది ఇప్పటికే ముగ్గురు చెబుతున్నారు" అన్నారు. అయితే పాత పడవ కొన్న సంగతి చెబుతానన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "పడవ కొనుక్కునేంత సంపాదించావని చెప్పడమేగా అది?" అన్నారు. కాదండీ. ఆ పడవ కొనేటప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి చెబుదామని వచ్చాను. మధ్యలో పడవ బేరం ఎలా చెయ్యాలో కూడా చెబుతాను. మన వాళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు అక్కడే ఉన్నారు, ఎవరికైనా పనికొస్తుంది.

నేను సఖినేటిపల్లి వైపు వాణ్ణి. రోజూ రేవు దాటి నరసాపురం బడికి వచ్చిన పిల్లల్లో ఒకణ్ణి. వర్షాకాలంలో వశిష్ఠ గోదావరి ఎర్రగా పొంగితే, రేవు ఆగిపోయిందని సెలవు పెట్టే అదృష్టం మా ఒడ్డు వాళ్లకే ఉండేది. మా మామయ్య లాంచీ సరంగు. చుక్కాని పట్టుకుని నిలబడితే ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు, ఒడ్డు దిగాకే నవ్వేవాడు. అందుకని నీళ్లూ పడవలూ నాకు కొత్త కాదనుకునేవాణ్ణి. కొత్తే అని 2014లో తెలిసింది.

ముందు చోటు చెబుతాను. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన. అక్కడ చట్టహూచీ అనే నది మీద 1950లలో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం బ్యూఫర్డ్ డ్యాం కట్టింది. దాని వెనక నిలిచిన నీళ్లే లేక్ లేనియర్. సిడ్నీ లేనియర్ అని జార్జియా కవి, ఆయన పేరు పెట్టారు. దాదాపు 38,000 ఎకరాల నీళ్లు. వేసవిలో శని, ఆదివారాలు వచ్చాయంటే మన తెలుగు కుటుంబాలు పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని అక్కడే ఉంటాయి.

అక్కడ కుటుంబాలు ఎక్కువగా కొనేది బౌరైడర్ అనే రకం. పంతొమ్మిది, ఇరవై అడుగుల ఫైబర్ బోటు. ముక్కు వైపు కూడా సీట్లుంటాయి, మధ్యలో అద్దం, స్టీరింగు. వెనక ఒక పెట్టెలో కారు ఇంజను లాంటి ఇంజను. దాని ప్రొపెల్లరు బోటు వెనక గోడకి బయట వేలాడుతుంది. వెనక గోడని ఆనుకుని, ఈతకు దిగడానికి నీటి మట్టానికి కాస్త పైన ఒక పలక ఉంటుంది. పిల్లలందరికీ ఇష్టమైన చోటు ఆ పలకే. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటారు. ఆ పలకని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

2016 వసంతంలో నా ముందు రెండు బోట్లున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే 19 అడుగుల పొడవు, రెండింటిలోనూ 4.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. ఒకటి 2008 మోడల్, రెండోది 2012 మోడల్. మొదటిది 12,500 డాలర్లు, రెండోది 19,000. మొదటిది నడిచింది ఎనిమిదేళ్లలో 96 గంటలు, రెండోది నాలుగు వేసవుల్లో 340 గంటలు. మొదటిది పెళ్లికూతురిలా ఉంది. రెండోదానికి సీట్ల కుట్లు ఊడాయి, పక్కల గీతలు పడ్డాయి, ప్రొపెల్లరు అంచు వంగింది.

మొదటిది అమ్ముతున్నది నా మిత్రుడు, తెలుగువాడే. మేము కొత్తగా అట్లాంటా వచ్చినప్పుడు మూడు వారాలు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాడు. "బయటివాడికైతే 15,000. నువ్వు కాబట్టి ఈ రేటు" అన్నాడు. రెండోది అమ్ముతున్నది ముక్కూ ముఖం తెలియని ఒక రిటైరైన అమెరికన్ పెద్దాయన.

కాగితం మీద చూస్తే ఆలోచించాల్సిన పనే లేదు కదా? తక్కువ ధర, తక్కువ వాడకం, తెలిసినవాడు. నేను మాత్రం నెలరోజులు ఆలోచించాను. ఎందుకో చివర్లో చెబుతాను. ఆ నెలలో నేర్చుకున్నవి ముందు చెబుతాను.

మొదటి సంగతి: మోడల్ సంవత్సరం వేరు, బోటు పుట్టిన సంవత్సరం వేరు. ప్రతి బోటుకీ వెనక గోడ మీద కుడివైపు పైన పన్నెండు అక్షరాల, అంకెల నంబరు చెక్కి ఉంటుంది. 1984 తర్వాత వచ్చిన పద్ధతిలో చివరి నాలుగింటిని ఇలా చదవాలి. మొదటిది నెల: ఎ అంటే జనవరి, అలా ఎల్ దాకా వెళ్తే డిసెంబరు. తర్వాతి అంకె, తయారైన సంవత్సరం చివరి అంకె. ఆఖరి రెండూ మోడల్ సంవత్సరం. మా మిత్రుడి బోటు మీద ఐ, 7, 08 అని ఉంది. అంటే 2007 సెప్టెంబరులో తయారై 2008 మోడల్‌గా అమ్ముడైంది. రెండోదాని మీద బి, 2, 12. అంటే 2012 ఫిబ్రవరి. పేరుకి నాలుగేళ్ల తేడా, అసలు తేడా నాలుగేళ్ల అయిదు నెలలు. ఒక్కోసారి రెండు మోడల్ సంవత్సరాల బోట్లు నెల తేడాలో ఒకే షెడ్డులోంచి బయటికొస్తాయి. అలాంటప్పుడు కొత్త సంవత్సరం అని చెప్పి అడిగే అదనపు ధర ఊరికే ఇవ్వక్కర్లేదు. బోటుకి మారింది ఏమైనా ఉంటేనే ఇవ్వాలి.

రెండోది: తక్కువ గంటలు అన్నమాట వినగానే మురిసిపోకూడదు. 96 గంటలు ఎందుకు నడిచిందో నేను లెక్క తీశాను. 2007లో జార్జియాలో పెద్ద కరువు. లేక్ లేనియర్ నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగులు. ఆ డిసెంబరుకి దాదాపు ఇరవై అడుగులు కిందికి పోయింది. బోట్లు దింపే ర్యాంపులు చాలా ఎండిపోయాయి. మా వాడు కొన్న కొత్తల్లో దింపడానికి సరిగా నీళ్లే లేవు. తర్వాత పిల్లల చదువులు, ఉద్యోగం. బోటు షెడ్డులో ఉండిపోయింది.

అప్పుడే ఒకరోజు మామయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి అప్పటికి ఎనభైకి దగ్గర. రెండు బోట్ల సంగతీ చెప్పాను. ఆయన ధర అడగలేదు, రంగు అడగలేదు. "నీళ్లలో ఎన్నాళ్లుంది, ఒడ్డున ఎన్నాళ్లుంది?" అని అడిగారు. చెప్పాను. "ఒడ్డున పడుకోబెట్టిన పడవకి చెక్క ఎండి సందులు విడతాయిరా. మళ్లీ నార దూర్చి, గుగ్గిలం పట్టించి గానీ నీళ్లలో పెట్టం. తిరిగే పడవ మీద సరంగుకి రోజూ కన్నుంటుంది" అన్నారు. "మామయ్యా, ఇది చెక్క కాదు, ఫైబరు" అన్నాను. "ఏదైతేనేం, రబ్బరు లేదా దాంట్లో?" అన్నారు.

ఉంది. మామయ్య ఆ మాట అన్నాక ఒక కాగితం తీసుకుని రెండు జాబితాలు రాశాను. గంటలతో అరిగేవి ఒకవైపు, ఏళ్లతో పాడయ్యేవి ఒకవైపు. గంటలతో అరిగేవి ఇంజను సిలిండర్లు, బేరింగులు, గేర్లు, ప్రొపెల్లరు. ఏళ్లతో పాడయ్యేవి రబ్బరు గొట్టాలు, నీళ్ల పంపులోని రబ్బరు చక్రం, బ్యాటరీ, ట్రైలర్ టైర్లు, ట్యాంకులో నిలవున్న పెట్రోలు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక గోడలోంచి ఇంజను షాఫ్టు బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఉండే ముడతల రబ్బరు తొడుగు. అది చీలితే బోటు కట్టేసిన చోటే మునుగుతుంది. బోటు తిరిగినా తిరగకపోయినా దానికి వయసొస్తుంది. మిత్రుడి బోటుకి అది మొదట వేసినదే, పగుళ్లు కనిపిస్తున్నాయి. పెద్దాయన బోటుకి ఏడాది కిందట మార్చారు. బిల్లు ఉంది.

ఆ పెద్దాయన దగ్గర ఒక ఫైలు ఉంది. ప్రతి శరదృతువులో ఇంజను లోపలి నీళ్లు తీయించిన రసీదు అందులో ఉంది. దక్షిణాదిలో చలి ఏముంటుందిలే అని చాలామంది ఆ పని మానేస్తారు. 2014 జనవరిలో అట్లాంటాలో చలి గడ్డకట్టే స్థాయికి చాలా కిందికి పోయింది. ఇంజనులో నిలిచిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇనుప దిమ్మ పగులుతుంది. ఒక్క రాత్రి చాలు. పగులు బయటికి కనపడకపోవచ్చు. ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యాలి.

మూడోది ఇంజను. దిమ్మ ఒకటే అయినా రెండు సంవత్సరాల మధ్య లోపల చాలా మారింది. 2008 దానికి కార్బురేటరు, 190 గుర్రాల శక్తి. 2012 దానికి కంప్యూటరు నడిపే ఇంధన ఇంజెక్షను, 220. మన పాత స్కూటర్లకి, ఇప్పటి బళ్లకి ఉన్న తేడాయే. అమెరికా పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాలు ఉంటుంది. అది గాలిలో తేమని లాగుతుంది. నెలల తరబడి నిలవుంటే కార్బురేటరు సన్నని రంధ్రాల్లో జిగురు పడుతుంది. ఇంజెక్షను ఇంజనుకి ఇంకో ఉపయోగం ఉంది. మెకానిక్కు తన యంత్రం తగిలిస్తే అది ఎన్ని గంటలు, ఎంత వేగంతో తిరిగిందో ఇంజను కంప్యూటరే చెబుతుంది. కార్బురేటరు బోటులో స్టీరింగు ముందున్న మీటరు చెప్పిందే వేదం. మా మిత్రుడు అబద్ధం చెప్పే మనిషి కాదు. తెలియనివాడి దగ్గర కొనేటప్పుడు ఈ తేడా పెద్దదే.

ఏ సంవత్సరం బోటైనా చెయ్యాల్సిన పరీక్షలు కొన్నున్నాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్టు చెయ్యమనాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే అనుమానించాలి. ఆరు సిలిండర్ల కంప్రెషనూ కొలిపించాలి. అంకె ఎంతన్నది కాదు, ఆరూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది చూడాలి. వెనక గోడనీ, అడుగునీ ప్లాస్టిక్ సుత్తితో తట్టించాలి. గట్టిగా మోగితే మంచిది, బొద్దుగా మోగితే లోపల చెక్క నానిందని. నేల మీద మడమతో నొక్కుతూ నడవాలి. ట్రైలర్ టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆఖరున నీళ్లలో దింపి, పూర్తి వేగంతో నడిపి, తిరిగొచ్చాక అడుగున నీళ్లు చేరాయేమో చూడాలి. ఇవన్నీ మనకి తెలియకపోతే సర్వేయరు ఉంటాడు. నేను 400 డాలర్లిచ్చాను. జార్జియాలో బోట్లకి కార్లకున్నట్టు యాజమాన్య పత్రం ఉండదు, రిజిస్ట్రేషను మాత్రమే. కాబట్టి అమ్మకం రసీదు మీద ఆ పన్నెండంకెల నంబరు రాయించి, దాని మీద ఎవరి అప్పూ లేదని తెలుసుకోవాలి.

ఈ పరీక్షలన్నిటిలో మా మిత్రుడి బోటు ఏమీ ఘోరంగా తప్పలేదు. ఇంజను కంప్రెషను చక్కగా ఉంది. రబ్బర్లు, కార్బురేటరు, టైర్లు కలిపి 2,300 డాలర్ల పని తేలింది. పెద్దాయన బోటుకి సీట్లు, ప్రొపెల్లరు కలిపి 1,100. అవి కలిపినా మిత్రుడిది 5,300 డాలర్లు చౌక. అది మా అమ్మాయి కాలేజీ కోసం దాచే డబ్బులో చిన్న మొత్తమేమీ కాదు.

ఇప్పుడు ఆ పలక దగ్గరికి వస్తాను.

2014 జులైలో ఒక ఆదివారం సాయంత్రం. అదే 2008 బోటు. మిత్రుడి కుటుంబం, మా కుటుంబం. చీకటి పడుతోంది, అందరూ ఒకేసారి ఇళ్లకి బయల్దేరారు. ర్యాంపు దగ్గర బోట్ల వరస. మా వంతు రావడానికి అరగంట పైనే పట్టింది. ఇంజను ఆగితే మళ్లీ అందుకోదేమోనని మిత్రుడు దాన్ని నెమ్మదిగా తిరగనిస్తూనే ఉన్నాడు. గాలి వెనకనుంచి వీస్తోంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. వెనక పలక మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. నేనే కూర్చోమన్నాను, లోపల ఇరుకుగా ఉందని.

కాసేపటికి తలనొప్పి అంది. ఎండ దెబ్బ అన్నాను. వాంతి చేసుకుంది. మిరపకాయ బజ్జీలు పడలేదు అన్నారు. తర్వాత నిద్రొస్తోందని నా ఒళ్లో వాలింది. పిలిస్తే పలకడం తగ్గింది. మా ఆవిడ మాత్రం "ఇది ఎండ కాదు, ఆస్పత్రికి పోనివ్వండి" అని పట్టుబట్టింది. అత్యవసర విభాగంలో డాక్టరు మమ్మల్ని అడిగిన రెండో ప్రశ్న, "పాప బోటులో ఎక్కడ కూర్చుంది?" చెప్పగానే ఆక్సిజన్ మాస్కు పెట్టించి, రక్తం తీయించారు. కార్బన్ మోనాక్సైడు.

దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజను వదిలే పొగలో ఉంటుంది. ఇలాంటి బోట్ల పొగ గొట్టం వెనక పలక కిందనే బయటికొస్తుంది. నీళ్లలో కలిసిపోతుందిలే అనుకుంటాం. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, గాలి వెనకనుంచి ఉన్నప్పుడు, అది పలక చుట్టూనే నిలుస్తుంది. ముక్కు పైకెత్తి పరుగెత్తే బోటులో కూడా వెనక ఏర్పడే ఖాళీలోకి పొగ తిరిగి లాక్కుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు. మూడూ ఎండ దెబ్బలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ అనుమానించరు. 2000 సంవత్సరంలో లేక్ పవెల్ అనే చోట ఒక హౌస్‌బోటు వెనక ఈదుతున్న ఇద్దరు అన్నదమ్ములు జనరేటరు పొగకి చనిపోయారు. చిన్నపిల్లలు. మత్తు వచ్చినవాడు నీళ్లలో జారితే లోకం అతను మునిగాడనే అనుకుంటుంది.

అర్ధరాత్రికి మా అమ్మాయి లేచి, "నాన్నా, ఆకలేస్తోంది" అంది. ఆ మాట విన్న తర్వాత నేను ఆస్పత్రి వరండాలోకి వెళ్లి ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

నా తప్పు ఇక్కడుంది. మర్నాడు మిత్రుడు ఫోన్ చేసి పాపకి ఎలా ఉందని అడిగితే, "ఎండ దెబ్బే, తగ్గిపోయింది" అన్నాను. తన బోటు వల్ల అని తెలిస్తే బాధపడతాడని. మూడు వారాలు అన్నం పెట్టిన మనిషి. పైగా ఇంజను ఆపమని నేనూ చెప్పలేదు. అలా రెండేళ్లు ఆ అబద్ధం మా మధ్య ఉండిపోయింది. ఆ రెండేళ్లూ అతను వేరే కుటుంబాల్ని తీసుకుని అదే బోటులో తిరుగుతూనే ఉన్నాడు. అంతదాకా నాకు ఆలోచన పోలేదు.

ఇప్పుడు రెండు మోడల్ సంవత్సరాలకీ ఉన్న అసలు తేడా చెబుతాను. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి బోటు ఇంజన్లకి 2010 మోడల్ సంవత్సరం నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. వాటి కోసం కార్లలో ఎప్పటినుంచో ఉన్న కెటలిటిక్ కన్వర్టర్ బోటు ఇంజన్లలోకి వచ్చింది. అది పొగలోని మోనాక్సైడుని చాలావరకు తగ్గిస్తుంది. మారేటప్పుడు కొందరు తయారీదారులకి వెసులుబాటు ఉండడంతో ఆ సంధి కాలపు బోట్లలో రెండు రకాలూ ఉన్నాయి. కాబట్టి సంవత్సరాన్ని నమ్ముకోకుండా బోటు మీది గుర్తు చూడాలి. కాలిఫోర్నియా వాళ్లు పెట్టిన నక్షత్రాల గుర్తు చాలా బోట్ల మీద ఉంటుంది. నాలుగు నక్షత్రాలుంటే అది అన్నిటికన్నా తక్కువ కాలుష్యపు రకం. మిత్రుడి బోటుకి మూడు, పెద్దాయన బోటుకి నాలుగు.

నేను నెలరోజులు ఆలోచించింది ఆ ఒక్క నక్షత్రం గురించే. మీకు ఇంతసేపు చెప్పిన గంటలు, రబ్బర్లు, కార్బురేటర్లు అన్నీ నిజమే. వాటికి డబ్బు పెడితే బాగవుతాయి. పాత ఇంజను పొగని మాత్రం 2,300 కాదు, ఎంత పెట్టినా కొత్త ఇంజను పొగ చెయ్యలేం. ఇంజను మార్చాలి. అది బోటు ధరంత.

2012 దానికి 18,200 దగ్గర బేరం తెగింది. మిత్రుడికి ఏం చెప్పాను? "మా ఆవిడకి రంగు నచ్చలేదు" అన్నాను. రెండో అబద్ధం. అతనికి కోపం వచ్చింది, న్యాయమే. ముఖం తెలియనివాడికి అంత ఎక్కువిచ్చి కొన్నానని ఊరంతా నవ్వింది.

రెండు వారాల తర్వాత అతనే ఫోన్ చేశాడు. బోటు కొనడానికి మన తెలుగువాళ్లే ఒక కుర్ర జంట వస్తున్నారని, నాలుగేళ్ల కవల పిల్లలున్నారని, నేను బోటు గురించి నాలుగు మంచి మాటలు చెబితే బాగుంటుందని. ఫోన్ పెట్టేసి, కారేసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆస్పత్రి కాగితాలు ముందు పెట్టి, మొత్తం చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండేళ్లు నా కొడుకు కూడా అదే పలక మీద కూర్చున్నాడురా" అన్నాడు. "ఒక్క మాట చెప్పి ఉంటే ఇంజను ఆపేవాణ్ణి కదా. తాళం తిప్పడానికి ఎంతసేపు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ కుర్ర జంటకి అతనే నిజం చెప్పాడు. వాళ్లు కొనలేదు. తర్వాత ఒంటరిగా చేపలు పట్టుకునే ఒకాయనకి, విషయం చెప్పి, పలక దగ్గర హెచ్చరిక స్టిక్కరు అంటించి, 11,000కి అమ్మాడు. ఆయనకి అది మంచి బేరమే. రబ్బర్లు మార్పించుకుని, వెనక ఎవరూ కూర్చోని బోటుని హాయిగా వాడుకుంటాడు. అందుకే ఏ సంవత్సరం మంచిది అని ఎవరైనా అడిగితే, ఎవరెవరు ఎక్కుతారో ముందు చెప్పమంటాను. మిత్రుడు నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత సంక్రాంతికి అరిసెలు పట్టుకుని వాళ్లే వచ్చారు.

నాలుగు నక్షత్రాల బోటు కొన్నాను కదా అని నేను నిశ్చింతగా లేను. తగ్గిన విషం కూడా విషమే. మా బోటులో మూడు నియమాలున్నాయి. ఇంజను తిరుగుతుంటే పలక మీద ఎవరూ ఉండకూడదు, అక్కడ ప్రొపెల్లరు కూడా ఉంది మరి. వరసలో ఆగితే ఇంజను ఆపాలి. ఎవరికి తలనొప్పి అన్నా ముందు గాలి తగిలే చోటికి మార్చి, తర్వాతే బజ్జీల మీద నింద వెయ్యాలి.

ఈ రోజుల్లో కొనేవాళ్లకి ఇంకో రెండు మాటలు. 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోటు నడిపేవాడు, నడిపేవాడు పడిపోతే ఇంజను ఆగిపోయే తాడు తగిలించుకోవాలని అమెరికా చట్టం. 2022 ఏప్రిల్ నుంచి మంటలార్పే సిలిండర్ల నిబంధన మారింది. 2018 మోడల్, ఆ తర్వాతి బోట్లకి కొత్త రకం గుర్తున్న సిలిండరే ఉండాలి. 2017 దాకా పాతవి బాగుంటే చెల్లుతాయి. వాడి పారేసే రకానికి తయారై పన్నెండేళ్లు నిండితే చెల్లదు. మోడల్ సంవత్సరం ఇలాంటి చోట్ల కూడా అక్కరకొస్తుంది. జార్జియాలో పదమూడేళ్ల లోపు పిల్లలు కదిలే బోటులో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. అది బరువుని బట్టి కొనాలి. పెద్దవాళ్లది పిల్లలకి వేస్తే నీళ్లలో పడగానే తల మీంచి ఊడిపోతుంది.

మామయ్య ఇప్పుడు లేరు. ఆయనకి ఈ కథంతా చెప్పింది 2017లో ఇంటికొచ్చినప్పుడు. పొగ సంగతి విని, "మా లాంచీలో పొగ గొట్టం కళ్లకి కనపడేది, మండేది, దగ్గొచ్చేది. దూరంగా జరిగేవాళ్లం. కనపడనిది ఎట్లా కాసుకుంటాంరా?" అన్నారు. చెప్పుకుంటేనే కాసుకోగలం అనిపించింది నాకు. అందుకే కార్యదర్శి గారు వద్దంటారేమోనని భయపడుతూనే ఈ సంగతి ఎంచుకున్నాను.

మన బడికి లంకల నుంచి, అవతలి ఒడ్డు నుంచి పడవెక్కి వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారని నిన్న హెడ్‌మాస్టారు చెప్పారు. 2019లో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో గోదావరి వాళ్లకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు. మా 1983 బ్యాచ్ తరఫున నలభై లైఫ్ జాకెట్లు, పిల్లల బరువుకి సరిపోయేవి, సంఘానికి ఇస్తున్నాం. ఆ పిల్లల బరువులు తూచి ఇవ్వమని డ్రిల్లు మాస్టారిని అడిగాను, సరేనన్నారు. పడవెక్కించే వాళ్లు కట్టించుకోకపోతే ఊరుకోకండి, మొహమాటపడకండి. నేను మొహమాటపడ్డాను.